శ్వాసనాళంలో లాలాజల గ్రంథి తరహా కణితి: ఆపరేషనా, బ్రాంకోస్కోపీతో తీయించుకోవడమా?

లాలాజల గ్రంథులు నోట్లోనే ఉంటాయనుకుంటాం. కానీ శ్వాసనాళం గోడలోనూ లోపలి పొర కింద అలాంటి చిన్న గ్రంథులే ఉంటాయి. వాటిలో పుట్టే క్యాన్సర్లు చాలా అరుదు, ఊపిరితిత్తుల క్యాన్సర్లన్నిటిలో 1 శాతం కూడా ఉండవు. సిగరెట్ ముట్టనివాళ్లకూ, చిన్న వయసువాళ్లకూ వస్తాయి. అందుకే పిల్లికూతలు వినగానే ఆస్తమా అనుకుని, ఇన్‌హేలర్లతోనే నెలలు గడిచిపోతుంటాయి. ఊపిరి పీల్చేటప్పుడు గొంతు దగ్గర కూత వస్తూ, మందులకు తగ్గకపోతే సీటీ స్కాన్ గురించి తప్పకుండా అడగండి.

కణితి బయటపడ్డాక చాలామందికి బ్రాంకోస్కోపీయే, అంటే శ్వాసనాళంలోకి కెమెరా ఉన్న గొట్టం పంపి చేసే పద్ధతే, నచ్చుతుంది. కోత లేదు, లేజర్‌తో అడ్డు తొలగగానే ఊపిరి ఆడుతుంది. నాళం మూసుకుపోతున్న మనిషికి అది ప్రాణం నిలబెట్టే పనే. కానీ గొట్టంలోంచి కనిపించేది లోపలికి ఉబ్బిన భాగం మాత్రమే. ఈ క్యాన్సర్లలో ఒక రకమైన అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అయితే, పైన పొర నున్నగా మామూలుగా కనిపిస్తున్నా, దాని కింద గోడ వెంబడి, నరాల వెంబడి పాకి ఉంటుంది. లేజర్ అక్కడికి చేరదు. అందుకే ఆపరేషన్‌కు వీలుంటే ఆపరేషనే మేలని నా గట్టి అభిప్రాయం.

దానికీ హద్దుంది. పెద్దవాళ్లలో ట్రాకియా (గొంతు నుంచి ఛాతీలోకి దిగే ప్రధాన శ్వాసనాళం) పొడవు సుమారు 10–12 సెంటీమీటర్లు. కణితి ఉన్న ముక్క తీసేసి రెండు చివరలూ కలిపి కుడతారు. సగానికి మించి తీస్తే కుట్టు బిగిసి విడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి అంచులో కొన్ని కణాలు మిగిలినా అక్కడ ఆగి, తర్వాత రేడియేషన్ ఇవ్వడమే మంచిది. అంచు శుభ్రంగా రాలేదని రిపోర్టులో చూసి టెన్షన్ పడకండి, ఈ జబ్బులో అది తరచూ జరిగేదే. అయితే పదేళ్లు దాటాక కూడా ఊపిరితిత్తుల్లో మళ్లీ కనిపించవచ్చు, అందుకే చెకప్‌లు ఏళ్ల తరబడి సాగుతాయి.

ఇంకో రకం, మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా సంగతి వేరు. ఇది ఎక్కువగా బ్రాంకస్‌లలో, అంటే ట్రాకియా నుంచి చీలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే నాళాల్లో పుడుతుంది. బయాప్సీలో లో గ్రేడ్ (అంత దూకుడు లేని రకం) అని వస్తే, పూర్తిగా తీసేస్తే చాలామందికి అక్కడితో నయమవుతుంది, రేడియేషన్ అవసరం సాధారణంగా రాదు. బ్రాంకస్ ముక్క తీసి మళ్లీ అతికించే స్లీవ్ ఆపరేషన్ కుదిరితే ఊపిరితిత్తిలో చాలా భాగం మిగులుతుంది, దాని గురించి సర్జన్‌ని ముందే అడగండి. హై గ్రేడ్‌ది మాత్రం దూకుడు జబ్బు, దానికి వైద్యం కూడా గట్టిగానే ఉంటుంది.

కణితి మరీ పొడవుగా పాకి ఆపరేషన్‌కు వీల్లేకపోతే, అడినాయిడ్ సిస్టిక్‌లో రేడియేషనే ప్రధాన వైద్యం. అడ్డు తీయడానికి అప్పుడు బ్రాంకోస్కోపీ తోడుగా నిలుస్తుంది.