పాత కార్వెట్ యూరిథేన్ బంపర్లకు ఫ్లెక్స్ అడిటివ్: ఏడేళ్ళ వాడకం తర్వాత

డాలస్ శివారులోని మా ఇంటి గరాజ్‌లో, 1976 నాటి వెండిరంగు కార్వెట్ స్పోర్ట్స్ కారు బంపర్ తొడుగులకు నేనే రంగు వేసి ఏడేళ్ళయింది. రంగుపై వేసే పారదర్శక పూత (క్లియర్ కోట్)లో, వంచినా అది పగలకుండా కలిపే ద్రవం ఫ్లెక్స్ అడిటివ్. అది ఎంతవరకు పనికొచ్చిందో ఇప్పుడు చెప్పగలను.

గంటకు 5 మైళ్ళ వేగంతో గుద్దుకున్నా దెబ్బ తగలకూడదన్న అమెరికా నిబంధన వల్ల కార్వెట్ తయారీ సంస్థ షెవర్లే 1973లో ముందు క్రోమ్ బంపర్‌ను, 1974లో వెనకదాన్ని తీసేసి యూరిథేన్ అనే మెత్తని ప్లాస్టిక్ తొడుగులు వేసింది. దశాబ్దాల ఎండకు అవి అలలు తేలి పెళుసుబారతాయి. నా కారువైతే వేలితో నొక్కితే పెచ్చులుగా రాలాయి. ఫైబర్‌గ్లాస్ తొడుగులు కొంటే ఈ బెడద ఉండదు గానీ, కారుకు పుట్టుకతో వచ్చిన మెత్తదనం పోగొట్టడం ఇష్టంలేక మళ్ళీ యూరిథేన్‌వే తెప్పించాను.

కొత్త తొడుగుకు అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు అంటుకుని ఉంటుంది. వేడి సబ్బునీళ్ళతో కడిగి, వ్యాక్స్ రిమూవర్‌తో తుడిచి, బూడిదరంగు స్కఫ్ ప్యాడ్‌తో (గరుకు పీచుతో) రుద్దాక నీళ్ళు చల్లి చూశాను. నీళ్ళు బొట్లు బొట్లుగా విడిపోయిన చోటల్లా మళ్ళీ మొదటినుంచి కడిగాను. విసుగు పుట్టించే పనే, కానీ ఏడేళ్ళలో ఎక్కడా పొర లేవకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

అడిటివ్‌ను మొదటిసారి కంటి అంచనాతో పోశాను. మర్నాడు పొద్దున కూడా బొటనవేలి ముద్ర క్లియర్‌లో దిగబడింది. అంతా గీకేసి, డబ్బాపై ఉన్న పాళ్ళను కొలత కప్పుతో కలిపి, రెండే పలుచని కోట్లు వేశాను. తొడుగును వంచి బిగించేటప్పుడు ఒక్క గీత కూడా పడలేదు. అడిటివ్ అసలు ఉపయోగం అక్కడే కనిపించింది. తర్వాత ఒకసారి చెత్తడబ్బాకు ఆనించినప్పుడు ముందు బంపర్ లోపలికి నొక్కుకుని, చెక్కు చెదరకుండా మామూలుగా వచ్చేసింది.

అయితే నంబర్ ప్లేటు కింద నాలుగు వేళ్ళ వెడల్పున సాలెగూడులాంటి సన్నని పగుళ్ళు వచ్చాయి. అక్కడున్న సొట్టను సరిచేయాలని ప్రైమర్ (రంగు కింద వేసే పూత) దట్టంగా పేర్చాను. అదే క్లియర్, అదే అడిటివ్, అయినా పగిలింది. అడిటివ్‌ను నమ్ముకుని పొర మందం పెంచేవారు ఈ సంగతి గమనించాలి.

బంపర్ రంగు కారు రంగుతో సరిపోలడం మాత్రం వేరే తలనొప్పి. తొడుగులను బల్లపై పడుకోబెట్టి రంగు కొట్టడంతో అందులోని వెండిరేణువులు వేరే తీరులో సర్దుకున్నాయి. వాటిని కారుకు ఉండే తీరులోనే నిలబెట్టి రంగు కొట్టవలసింది. సాయంత్రపు ఏటవాలు ఎండలో వెనక బంపర్ ఇప్పటికీ ఒక ఛాయ ముదురుగానే కనిపిస్తుంది, ఇంట్లోవాళ్ళకు కాకపోయినా నాకు.