అలసందల సంచి, ఆడ పురుగు దాహం

మార్చిలో తిరుపతిలో విత్తనాలు అమ్మే ఒక దుకాణంలో గాలి చొరబడని సంచి కొన్నాను. పది కిలోలది, 160 రూపాయలు. లోపల రెండు పాలిథిన్ పొరలు, వాటి పైన మామూలు ఎరువుల బస్తా లాంటి నేత సంచి. చిత్తూరు దగ్గర ఉన్న మా ఊరి నుంచి తమ్ముడు ఏటా అలసందలు పంపిస్తాడు. ఎండలు ముదిరేసరికి వాటిలో సగం పుచ్చిపోతాయి. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పిన మనిషిని, వడలకు నానబోసే ముందు చాటలో పురుగులు ఏరుకుంటూ కూర్చోవడం నాకు చిన్నతనంగా ఉండేది.

సంచితో వచ్చిన కాగితం మీద ‘పురుగులు జతకట్టకుండా ఆపుతుంది’ అని అచ్చు వేశారు. జతకట్టకుండా ఆపి ప్రయోజనం ఏమిటి? అలసందలను పుచ్చబెట్టే ఈ పురుగు పొలంలో కాయ మీదనే గుడ్లు మొదలుపెడుతుంది, గింజతో పాటే ఇంటికి వస్తుంది. పైగా ఆడదానికి ఒక్క కలయిక చాలు. ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకుని, పెట్టే గుడ్లలో దాదాపు అన్నిటికీ వాడుకుంటుంది.

చాలినా ఊరుకోదు, మళ్లీ జతకడుతుంది. ఆ కలయిక సుఖమైనదేమీ కాదు. మగ పురుగు జననాంగం నిండా ముళ్లు. అవి ఆడదాని లోపలి గోడలను చీలుస్తాయి. అందుకే అది వెనక కాళ్లతో మగవాడిని తన్ని వదిలించుకుంటుంది. తన్నకుండా చేస్తే కలయిక సాగి, గాయాలు ఎక్కువవుతాయని 2000లో నేచర్ పత్రికలో వచ్చింది. రెండుసార్లు కలిసినవి త్వరగా చనిపోయాయని కూడా అందులోనే ఉంది. ఈ సంగతి తరగతిలో చెప్పిన రోజు వెనక బెంచీల వాళ్లు కూడా తలలెత్తి విన్నారు.

మరి ఎందుకు ఒప్పుకుంటుంది? నిల్వ గింజల్లో ఎదిగిన పురుగుకు తిండి లేదు, నీళ్లు లేవు. మగవాడు మొదటిసారి ఇచ్చే ద్రవం అతని ఒంటి బరువులో 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. అందులో వీర్యకణాలు కొద్ది, మిగిలినదంతా నీరు, పోషకాలు. నీళ్లు అందుబాటులో ఉంచిన ఆడ పురుగులు మళ్లీ జతకట్టడానికి అంతగా ముందుకు రాలేదని 2007లో ఒక పరిశోధన తేల్చింది. అంటే ఎండిన డబ్బాలో మగవాడే దానికి చెంబెడు నీళ్లు. ఆ నీటితో మరిన్ని గుడ్లు పెట్టగలదు, కానీ గాయం కూడా దానితోనే వస్తుంది.

ఇక సంచి సంగతి. కాగితం ఏమి చెప్పినా, ఇది పురుగును చంపేది కూడా దాహంతోనే. మూతి బిగించాక లోపలి ప్రాణవాయువును పురుగులే వాడేసుకుంటాయి. గింజలో ఉన్న పిల్ల పురుగు తిన్న తిండిని ప్రాణవాయువుతో కలిపి తనకు కావలసిన నీటిని తయారు చేసుకుంటుంది. ప్రాణవాయువు అయిపోతే ఆ నీరు ఆగి, పిల్ల పురుగు ఎండిపోతుంది. ఎవరు ఎవరితో ఎన్నిసార్లు జతకట్టారన్న లెక్క ఇక దేనికి?

నేను ఎండబెట్టిన గింజలు ఏడు కిలోలు సంచిలో, కిలో పాత స్టీలు డబ్బాలో పెట్టి, అరవై రోజుల తరువాత రెండూ తెరిచాను. డబ్బాలో అలసందల కంటే పొడి ఎక్కువగా కనిపించింది, చేయి పెడితే పురుగులు వేళ్ల మీదికి పాకాయి. సంచిలో రంధ్రాలు పడ్డ గింజలు అక్కడక్కడా ఉన్నాయి, పురుగులన్నీ చచ్చి ఉన్నాయి. గుప్పెడు నానబెడితే మొలకలు చక్కగా వచ్చాయి. కోడలు చూసి, “అత్తయ్యా, కందిపప్పుకు కూడా ఒకటి తెప్పించండి” అంది.

లోపాలు లేకపోలేదు. సంచితో ఇచ్చిన తాడు మూడోసారికే తెగింది. రెండు పొరలనూ విడివిడిగా మెలిపెట్టి మడిచి కట్టాలి, నా కీళ్లనొప్పుల చేతులకు అది కష్టమే. వారానికోసారి వడలకని విప్పేవారు దీన్ని కొనవద్దు, విప్పిన ప్రతిసారీ గాలి లోపలికి వెళుతుంది. రెండు నెలలకు సరిపడా పైకి తీసుకుని, మిగిలినది కట్టేసి మరచిపోగలిగినవారికి 160 రూపాయలు ఎక్కువ కాదు. తాడు స్థానంలో నేను పాత సైకిలు ట్యూబు ముక్క కట్టాను, అది గట్టిగానే ఉంది.