అమెరికా డొమెస్టిక్ ఫ్లైట్లకి "ఐడీ ప్రీ క్లియరెన్స్" అని అమ్ముతున్నారు, కొనకండి

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనో, అత్తమామలనో అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫ్లైట్‌లో పంపించబోతున్నవాళ్లు ఇది చదివాకే టికెట్ కొనండి. మనవాళ్లే నడిపే ఒక ట్రావెల్ ఏజెన్సీ మాకు టికెట్లతో పాటు "సీనియర్ అసిస్టెన్స్ ప్యాకేజీ" ఒకటి అంటగట్టింది. మనిషికి 120 డాలర్లు. అందులో ఉన్నవి రెండే: వీల్‌చెయిర్, "ఐడీ ప్రీ క్లియరెన్స్". మొదటిది ఎయిర్‌లైన్ వాళ్లు ఉచితంగా ఇచ్చి తీరాలి. రెండోది అసలు లేనే లేదు. డిస్ప్యూట్ నడుస్తోంది కాబట్టి ఏజెన్సీ పేరు రాయడం లేదు.

వాళ్ల మనిషి ఫోన్‌లో మామయ్యగారికి చెప్పిన మాట ఇది: "డొమెస్టికే కదండీ, పాస్‌పోర్టులు మోసుకెళ్లడం దేనికి? పోతే కాన్సులేట్ చుట్టూ తిరగాలి. ఆధార్ చూపించండి చాలు, మిగతాది సిస్టమ్‌లో మేం క్లియర్ చేయిస్తాం." పెద్దవాళ్ల భయం ఎక్కడుంటుందో వీళ్లకి బాగా తెలుసు. అమెరికా వచ్చిన దగ్గర్నుంచి మామయ్యగారికి పాస్‌పోర్టు ఎక్కడ పోతుందోనన్నదే టెన్షన్. ఇంట్లో భద్రంగా పెట్టి రావచ్చనగానే ఆయన ప్రాణం కుదుటపడింది. డబ్బు కూడా ఆయన చేతే పంపించుకున్నారు.

డల్లాస్‌లో బోర్డింగ్ పాస్‌ల దాకా ఏ ఇబ్బందీ రాలేదు. సెక్యూరిటీ లైన్ మొదట్లో ఐడీ చూసే టీఎస్ఏ (ఎయిర్‌పోర్ట్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) ఆఫీసర్ ఆధార్ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, పాస్‌పోర్ట్ ఉందా అని మర్యాదగానే అడిగాడు. మామయ్యగారు ఎంతో ధీమాగా ఏజెన్సీ ఇచ్చిన కాగితం మడత విప్పి ఇచ్చారు. పైన గద్ద బొమ్మ, మధ్యలో ఆకుపచ్చ అక్షరాల్లో "ఐడెంటిటీ ప్రీ క్లియర్డ్", కింద బార్‌కోడ్. చూస్తే గవర్నమెంట్ కాగితం కాదని ఎవరూ అనుకోరు. ఆఫీసర్ స్కాన్ చేస్తే ఆ బార్‌కోడ్‌లో ఉన్నది వాళ్ల టికెట్ నంబరే, ఇంకేమీ లేదు. "ఇది మేం ఇచ్చింది కాదు" అని కాగితం తిరిగి చేతిలో పెట్టేశాడు. అత్తయ్యగారు వీల్‌చెయిర్‌లోంచే నా వైపు చూస్తున్నారు. నేనేమో తాడుకి ఇవతల.

ఐడీ లేనివాళ్లకి నిజంగా ఉన్న దారి ఒక్కటే. టీఎస్ఏ కన్ఫర్మ్ ఐడీ అంటారు, 2026 ఫిబ్రవరి 1న మొదలైంది. మనిషికి 45 డాలర్లు, పే డాట్ గవ్ అనే ప్రభుత్వ సైట్‌లో కట్టాలి. ఒకసారి కడితే 10 రోజుల ప్రయాణాలకి పనిచేస్తుంది. పేరు, అడ్రస్ లాంటివి అడిగి రికార్డులతో సరిపోల్చుతారు. దీనికి అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. సరిపోతే అదనపు తనిఖీ చేసి లోపలికి పంపొచ్చు. సరిపోకపోతే పంపరు, 45 డాలర్లూ వెనక్కి రావు. ఈ సంగతి వాళ్లే ముందుగా చెప్పి మరీ కట్టించుకుంటారు. మేమూ కట్టాం. నిన్నగాక మొన్న విజిటర్ వీసా మీద దిగినవాళ్లకి ఇక్కడ పాత అడ్రస్‌లేముంటాయి, క్రెడిట్ హిస్టరీ ఏముంటుంది? ఇద్దరి వివరాలూ సరిపోలలేదు. మా ఆవిడ ఇంటి నుంచి పాస్‌పోర్టులు తెచ్చేసరికి నెవార్క్ ఫ్లైట్ వెళ్లిపోయింది. తేడా డబ్బు కట్టి సాయంత్రం ఫ్లైట్ ఎక్కించాం. పాస్‌పోర్టులు చేతిలో ఉండేసరికి ఈసారి ఐడీ దగ్గర నిమిషం కూడా పట్టలేదు.

ఇదే ఏజెంట్లు స్టూడెంట్స్‌కీ ఈ "క్లియరెన్స్" అమ్ముతున్నారని తర్వాత తెలిసింది. కాబట్టి ఏ కార్డు చెల్లుతుందో, ఏది చెల్లదో చెప్తాను. ఫ్లైట్ ఎక్కడానికి ఎలాంటి స్టేట్ లైసెన్స్ చెల్లుతుందో చెప్పే రియల్ ఐడీ చట్టం 2005 నాటిది. వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి 2025 మే 7న ఎయిర్‌పోర్టుల్లో అమల్లోకి వచ్చింది. మామూలు స్టేట్ లైసెన్స్ మీద పైన నక్షత్రం గుర్తు లేకపోతే అది ఈ చట్టం ప్రకారం చెల్లుతుందో లేదో ఒకసారి స్టేట్ సైట్‌లో చూసుకోండి. ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది. గ్రీన్ కార్డు, ఈఏడీ కార్డు (వర్క్ పర్మిట్), గ్లోబల్ ఎంట్రీ కార్డు కూడా చెల్లుతాయి. గడువు తీరినా రెండేళ్ల వరకు ఐడీని ఒప్పుకుంటున్నారు కాబట్టి, నిన్న ఎక్స్‌పైర్ అయిందని కంగారుపడి ఎవరికో డబ్బులు పోయకండి. చెల్లనివేంటంటే, లైసెన్స్ రెన్యూ చేశాక చేతికిచ్చే టెంపరరీ కాగితం. మన పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది దీనితోనే, ప్లాస్టిక్ కార్డు పోస్టులో వచ్చేదాకా పాస్‌పోర్ట్ వెంట ఉండాల్సిందే. ఫోన్‌లో తీసుకున్న పాస్‌పోర్ట్ ఫోటో, జిరాక్స్, యూనివర్సిటీ కార్డు, హెచ్1బీ అప్రూవల్ నోటీసు, ఇవేవీ పనికిరావు. పెద్దవాళ్లతో ప్రయాణించే 18 ఏళ్లలోపు పిల్లలకి టీఎస్ఏ ఐడీ అడగదు.

వీల్‌చెయిర్ సంగతి. ఎయిర్ క్యారియర్ యాక్సెస్ యాక్ట్ అని 1986 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం అమెరికా ఎయిర్‌పోర్టుల్లో వీల్‌చెయిర్ సహాయానికి ఎయిర్‌లైన్ పైసా తీసుకోకూడదు. బుకింగ్‌లోనే ఒక టిక్ పెడితే చాలు. ఏజెన్సీ చేసిందీ ఆ టిక్ పెట్టడమే. గేటు దాకా మనం తోడు వెళ్లాలంటే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ఎస్కార్ట్ పాస్ అడగండి. ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్లిష్టం, మన ఐడీ మాత్రం చూపించాలి.

ఇక డబ్బు. టికెట్లకి కార్డు తీసుకుని, ప్యాకేజీకి మాత్రం జెల్‌లో (బ్యాంకు అకౌంట్ నుంచి అకౌంట్‌కి నేరుగా డబ్బు పంపే సర్వీసు) పంపమన్నారు. అడిగితే "ఫీజు పడకుండా" అన్నారట. జెల్‌లో మన చేత్తో మనం పంపిన డబ్బు వెనక్కి రాబట్టడం చాలా కష్టం. ఆ 240 డాలర్ల మీద నాకైతే ఆశ లేదు. క్రెడిట్ కార్డు అయితే స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు లిఖితపూర్వకంగా డిస్ప్యూట్ వేసే హక్కు చట్టంలోనే ఉంది, టికెట్ల మీద వాళ్లు వేసుకున్న "సర్వీస్ ఛార్జీ" కోసం అదే వేశాను. ఇంకోటి, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటలు అదే ధరకి టికెట్ హోల్డ్ చేయడమో, 24 గంటల్లో రద్దు చేసుకుంటే మొత్తం తిరిగివ్వడమో వాళ్లు చేయాలి. ఏజెన్సీలకి ఆ నిబంధన వర్తించదు, మాకు అమ్మిన ఏజెన్సీ వాళ్లు "నో రీఫండ్" అని చిన్న అక్షరాల్లో ముందే రాసుకున్నారు కూడా.

మీరు ఇప్పటికే కొనేసి ఉంటే, వాళ్లు పంపిన కాగితం, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, జెల్ స్క్రీన్‌షాట్ డిలీట్ అయిపోకముందే వేరేచోట దాచుకోండి. మేం రీఫండ్ అడిగిన రాత్రే వాళ్లు పాత మెసేజ్‌లు "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టడం మొదలుపెట్టారు. ఎఫ్‌టీసీ (వినియోగదారుల మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో ఫ్రాడ్ కంప్లయింట్ పది నిమిషాల పని. నేను ఇచ్చేశాను, మీరూ ఇవ్వండి.