ట్రెంట్ నదిలో బార్బెల్ వేట: మూతల ఫీడర్, హాలిబట్ పెల్లెట్లు ఒక సీజన్ వాడిన తర్వాత

ఇంగ్లండ్ నదుల్లో గాలం వేటకు మళ్ళీ అనుమతి మొదలయ్యే జూన్ 16 నుంచి అక్టోబరు చివరి వరకు, నాటింగ్‌హామ్‌కు దిగువన గన్‌థార్ప్ దగ్గర ట్రెంట్ నదిలో, బార్బెల్ చేప కోసం రెండు రకాల ఫీడర్లనూ (మేత నింపి గాలం దారానికి కట్టి నీటిలో వేసే గొట్టాలు) హాలిబట్ పెల్లెట్లనూ (చేపపొడి, చేపనూనె కలిపిన మేత గుళికలు) వాడి చూశాను. ఫీడర్లలో ఒకటి రెండు చివరలా మూతలుండి ఒంటినిండా చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టం, రెండోది రెండు వైపులా తెరిచి ఉండే తీగ జాలీ గొట్టం. రెండూ మా ఊళ్ళోని చిన్న దుకాణంలో కొన్నవే. పెల్లెట్లతో వేటాడదలచినవారికి, ముఖ్యంగా ప్రవాహం గట్టిగా ఉన్న చోట, మూతల ఫీడరే తగినదని నా అభిప్రాయం.

బార్బెల్ మన శీలావతి, బొచ్చెల కుటుంబానికే చెందిన చేప. దాని నోరు కిందివైపుకు ఉంటుంది, రెండు జతల మీసాలుంటాయి. ఆ మీసాలతో గులకరాళ్ళ మధ్య తడుముకుంటూ నది అడుగునే మేస్తుంది. కనుక మేత అడుగున, ఒకే చోట, కొద్దికొద్దిగా రాలుతూ ఉండాలి. కైకలూరు వైపు చేపల చెరువుల్లో తవుడు నింపిన సంచులకు చిల్లులు పెట్టి గడలకు కట్టడం చూసినవారికి ఫీడర్ సంగతి వేరే వివరించనక్కరలేదు. అక్కడ చేపలు వచ్చి సంచిని పొడిచినకొద్దీ మేత బయటికి వస్తుంది, ఇక్కడ ఆ పనిని ప్రవాహమే చేస్తుంది. అయితే చెరువు నీరు నిలకడగా ఉంటుంది, నది మాత్రం రాలిన మేతను దిగువకు లాక్కుపోతూనే ఉంటుంది. అందుకే ఫీడర్ మంచిచెడ్డలు అది ఎంతసేపట్లో ఖాళీ అవుతుందన్న దానిని బట్టే తేలుతాయి.

ఇది తేల్చుకోవడానికి రెండింటినీ ఒడ్డు పక్కన మోకాలి లోతు నీటిలో, కంటికి కనబడేలా ఉంచాను. జాలీ ఫీడర్‌లో నానబెట్టిన 2 మిల్లీమీటర్ల పెల్లెట్లను ఎంత గట్టిగా అదిమి పెట్టినా, నీటిలో పడిన నిమిషంలోపే మేతంతా కొట్టుకుపోయింది. మూతల ఫీడర్‌కు సగం చిల్లులను కరెంటు పనులకు వాడే నల్ల టేపుతో మూసి వేస్తే, పావుగంట తర్వాత తీసి చూసినప్పుడు కూడా అడుగున గుప్పెడు గింజలు మిగిలి ఉన్నాయి. చిన్న పెల్లెట్లను నానబెట్టడంలోనూ ఓపిక కావాలి. అవి మునిగేంత మాత్రమే నీళ్ళు పోసి, రెండు నిమిషాలకే వంపేసి, వేళ్ళ మధ్య నొక్కితే ముద్ద కట్టి, వదిలితే విడిపోయే స్థితి వచ్చేదాకా ఆగాలి. ఎక్కువ నానితే జావలా మారి చిల్లులకు అడ్డం పడతాయి.

కొక్కేనికి మాత్రం 8 మిల్లీమీటర్ల పెల్లెట్ వాడాను. దీనిని నేరుగా కొక్కేనికి గుచ్చకూడదు, పగిలిపోతుంది. కొక్కెం వెనుక సన్నని దారానికి కట్టిన చిన్న రబ్బరు పట్టీలో ఇరికించాలి. చేపపొడి, చేపనూనె దట్టంగా ఉన్న ఈ పెల్లెట్ నీటిలో గంటకు పైగా కరగకుండా నిలుస్తుంది, చిన్నచేపలు దీనిని పీక్కుపోలేవు. పురుగుల ఎరతో అయిదు నిమిషాలకోసారి గాలం పైకి తీసి విసిగినవారికి ఈ ఒక్క గుణం చాలు. కానీ నేను కొన్న రెండు సంచుల్లో ఒకదాని అడుగున నలిగిన పొడి చాలా ఉంది, దాని ధరకు అది తగదు.

ఫీడర్‌లో లోపాలు లేకపోలేదు. దూరంగా విసిరినప్పుడు మూత ఊడిపోయి మేతంతా గాలిలోనే చెదిరిపోవడం మూడుసార్లు జరిగింది. తర్వాత మూత మీదుగా రబ్బరు బ్యాండు వేయడం అలవాటు చేసుకున్నాను. వర్షాలకు నీరు పెరిగిన వారంలో 60 గ్రాముల బరువున్న ఫీడర్ అడుగున నిలవక దొర్లిపోయింది, 110 గ్రాములది, అందులోనూ బరువు ఒక పక్కన బల్లపరుపుగా ఉన్నది, కదలకుండా కూర్చుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది వేరే ఉంది. ప్యాకెట్‌తో వచ్చిన బిగింపు గొట్టం ఫీడర్‌ను దారానికి కదలకుండా పట్టేస్తుంది. దారం తెగితే ఆ బరువును చేప మోసుకు తిరగాల్సి వస్తుంది. నేను ఆ గొట్టం తీసేసి, ఫీడర్ దారం మీద స్వేచ్ఛగా జారేలా కట్టుకున్నాను; కొన్నవారందరూ అలాగే చేయాలని కోరుతున్నాను. బార్బెల్ తన శక్తినంతా ధారపోసి పెనుగులాడే చేప. ఆగస్టు ఎండల్లో పట్టిన 9 పౌన్ల చేపను వలలోనే, తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి పట్టుకున్నాను. మొప్పలు నెమ్మదిగా తెరుచుకోవడం మొదలై, తనంతట తాను నా చేతిని తోసుకుని వెళ్ళడానికి పది నిమిషాలు పైనే పట్టింది. పోరాటం ఎంత తొందరగా ముగిస్తే చేపకు అంత మంచిది కాబట్టి, 12 పౌన్ల బరువు తట్టుకునే దారం కంటే సన్ననిది వాడవద్దు.

అక్టోబరులో నీరు చల్లబడ్డాక ఫీడర్‌ను సగమే నింపాను, గంటకు రెండుసార్లకు మించి మార్చలేదు. వచ్చే జూన్‌కు పెల్లెట్లు మళ్ళీ అవే కొంటాను, కానీ సంచి అడుగు తడిమి చూశాకే. ఫీడర్ మాత్రం మూత మెలితిప్పి బిగించే రకం దొరికితేనే తీసుకుంటాను.