తోలు వాసనల కిట్: తారు తగ్గించండి, నాగరమోతా పెంచండి

సెంట్లు సొంతంగా కలుపుకునేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఈ కిట్‌లో ఐదేసి మిల్లీలీటర్ల సీసాలు ఆరు ఉంటాయి: ఐసోబ్యూటైల్ క్వినోలిన్ (ఘాటైన తోలు వాసన రసాయనం), రెక్టిఫైడ్ బిర్చ్ తార్ (బిర్చ్ చెట్టు బెరడు నుంచి తీసి శుద్ధి చేసిన తారు), సూడరాల్, సఫ్రలీన్ (రెండూ తోలు వాసన ఇచ్చే కృత్రిమ సరుకులు), నాగరమోతా నూనె, లాబ్డానమ్ (ఒక పొద నుంచి తీసే జిగురు). అమలాపురానికి కొరియర్‌లో వస్తుంది. సరుకు మంచిదే. సీసాల మూతలూ, లోపల పెట్టిన కాగితమూ మాత్రం పని తెలిసినవాళ్లు పెట్టినవి కావు.

వీటిలో దేంట్లోనూ తోలు ఉండదు. రష్యాలో తోళ్లకు బిర్చ్ బెరడు తారునూనె పట్టించేవారు; ఆ పొగ వాసనే సెంట్లలో తోలు అనే పేరుతో స్థిరపడింది. మన చెప్పుల కొట్లో కొత్త అట్టపెట్టె తెరిస్తే గుప్పున వచ్చేదాంట్లో సగం జిగురు వాసనే.

అసలు గొడవ క్వినోలిన్‌తో. దాన్ని పలచన చెయ్యకుండా నింపి, 10 గ్రాముల మిశ్రమానికి 5 చుక్కలు వెయ్యమని కాగితంలో రాశారు. చుక్క 0.02 నుంచి 0.03 గ్రాములు తూగుతుంది. అంటే ఐదు చుక్కలు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం అవుతాయి. అప్పుడు వచ్చేది తోలు కాదు, చిదిమిన పచ్చికాడ, తడిమట్టి వేరు, పైన కాస్త సిరా. మిగతా ఐదు సీసాలూ వేశారో లేదో కూడా తెలియదు. 1944 నాటి బాందీ సెంటులో దాన్ని తయారుచేసిన జెర్మైన్ సెలియే క్వినోలిన్‌ని ఒక శాతం దాకా వాడిందని చెప్పుకుంటారు గానీ, అక్కడ దానికి దీటుగా గాల్బనమ్ (ఘాటైన పచ్చివాసన జిగురు) లాంటి మొండి ముడిసరుకులు ఉన్నాయి. ఒక గ్రాము క్వినోలిన్‌కి 9 గ్రాముల డీపీజీ (డైప్రొపిలీన్ గ్లైకాల్, పలచన చెయ్యడానికి వాడే ద్రవం) కలిపి పది శాతం ద్రావణం చేసుకుని, దాన్నే వాడండి. చుక్కలు లెక్కపెట్టడం మానేసి 0.01 గ్రాము చూపించే కాటా మీద తూచండి.

బిర్చ్ తార్ సీసా మూత తియ్యగానే కోనసీమలో కొబ్బరి డొక్కలు రాజేసిన పొగ. వాసన బాగుంది, పత్రమే లేదు. ముడి బిర్చ్ తార్‌ని సెంట్లలో వాడకూడదని ఇఫ్రా (అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ సంస్థ) నిషేధించింది. శుద్ధి చేసినదాన్ని వాడినా, తయారైన సెంటులో బెంజోపైరీన్, బెంజాంత్రసీన్ అనే హానికర తారు పదార్థాలు రెండూ కలిపి శతకోటి పాళ్లకు ఒక పాలు మించకూడదు. ఆ పరీక్ష పత్రం అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే ఒంటికి రాసుకునేదాంట్లో వెయ్యొద్దు. అదీగాక, మే నెల ఉక్కలో తారు పాలు కొంచెం ఎక్కువైనా మనిషి పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చినట్టుంటాడు.

కిట్‌లో అన్నిటికన్నా విలువైంది నాగరమోతా. వరిచేలో పీకి గట్టుమీద పారేస్తామే తుంగ, దానికి దాయాది మొక్క వేరుదుంపల నూనె ఇది. బ్లాటర్ (వాసన చూసే కాగితపు పట్టీ) మీద వేస్తే మొదట మట్టి, మిరియం. అరగంటకి పాత తోలుసంచి లోపలి వాసన, అడుగున సన్నటి పొగ. తారు చేసే పనిలో ముప్పాతిక ఇదే చేస్తుంది, బట్టకి మరక కూడా తక్కువ.

పది గ్రాముల బేస్‌కి (మూల మిశ్రమానికి) ఈ కొలత నిలబడింది: పది శాతం క్వినోలిన్ ద్రావణం 0.40, పది శాతం బిర్చ్ తార్ ద్రావణం 0.10 (పత్రం లేకపోతే సున్నా, ఆ మేరకు ఐసో ఈ సూపర్ పెంచాలి), సూడరాల్ 0.30, పది శాతం సఫ్రలీన్ ద్రావణం 1.00, నాగరమోతా 0.50, సగానికి పలచన చేసిన లాబ్డానమ్ 1.00, ఐసో ఈ సూపర్ (కలప వాసన రసాయనం) 3.70, హెడియోన్ (మల్లె ఛాయ రసాయనం) 3.00 గ్రాములు. చివరి రెండూ కిట్‌లో రావు, విడిగా కొనాలి. లాబ్డానమ్ బెల్లంపాకంలా ఉంటుంది. సీసాని గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచితే గానీ కదలదు. కలిపాక మూడు వారాలు చీకట్లో ఉంచి అప్పుడు వాసన చూడండి. మొదటి రోజు గరుగ్గా ఉందని ఏదీ మార్చొద్దు. పైన మల్లె పడితే ఈ బేస్ ఇంకా అందంగా ఉంటుంది.

మన గాలి తేమతో జాగ్రత్త. ఆల్కహాలూ, డీపీజీ రెండూ తేమని లాగేస్తాయి. వానాకాలం మూత తీసి పెడితే సెంటు మబ్బు పడుతుంది, ముందుగా విడిపోయేది లాబ్డానమే. అలా అయితే రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టాలి. రోల్ఆన్ చేసేవాళ్లు ద్రావణాలు డీపీజీలో చేసుకోకండి, అది ఐపీఎంతో (ఐసోప్రొపైల్ మిరిస్టేట్, రోల్ఆన్‌లో వాడే నూనెలాంటి ద్రవం) సరిగా కలవదు.

మూతలు రబ్బరు బుడ్డి డ్రాపర్లు. ఈ సరుకులకి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, వాసన బయటికి కారుతుంది, బీరువా అంతా తారు కంపు కొడుతుంది. వచ్చినరోజే మామూలు బిరడా మూతలకి మార్చి, తియ్యడానికి ప్లాస్టిక్ పిపెట్లు వాడండి.

మొత్తం కిట్ కొనే బదులు క్వినోలిన్, నాగరమోతా, సఫ్రలీన్ విడివిడిగా తెప్పించుకోవడం లాభం. పై కొలతలో ఐదు గ్రాముల క్వినోలిన్ కిలోకి పైగా బేస్‌కి సరిపోతుంది.