ఉర్లగడ్డ హాష్ బ్రౌన్స్: పచ్చి తురుమా, ఉడికించిన తురుమా?

తిరుపతిలో మేము ఉర్లగడ్డ అని పిలిచే బంగాళాదుంపతో కరకరలాడే హాష్ బ్రౌన్స్ (దుంప తురుమును బిళ్ళలుగా పెనం మీద ఎర్రగా వేయించే అమెరికన్ పలహారం) చేయదలచినవారు, దుంపను పచ్చిగా తురమాలా, సగం ఉడికించి తురమాలా అన్నది ముందుగా తేల్చుకోవాలి. దుంపలో సుమారు 80 శాతం నీరే కాబట్టి, పచ్చి తురుమును రెండు మూడుసార్లు కడిగి, పలుచని పంచె గుడ్డలో మూటగట్టి గట్టిగా పిండకపోతే, అది పెనం మీద వేగడానికి బదులు ఆవిరిలో ఉడికి మెత్తబడుతుంది. నీరు ఆవిరయ్యేదాకా తురుము వేడి 100 డిగ్రీలు దాటదు, ఎర్రగా వేగిన రంగేమో 140 డిగ్రీల దరిదాపుల్లో గాని రాదు. ఆ శ్రమకు ఫలితంగా అంచులు మాత్రం సన్నని జంతికల్లా విరుగుతాయి.

రెండో పద్ధతిలో దుంపలను తొక్కతోనే ఏడెనిమిది నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లార్చి (రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మరీ మంచిది) తురమాలి. పిండిపదార్థం అప్పటికే జిగురెక్కి ఉంటుంది గనుక గుడ్డు, మైదా లేకుండానే బిళ్ళ నిలుస్తుంది, లోపల పచ్చివాసన మిగలదు. మరీ మెత్తగా ఉడికితే మాత్రం అది పూరీ కూరకే పనికివస్తుంది.

రెండింటికీ దోసెల ఇనుప పెనం, మన వేరుశనగ నూనె సరిపోతాయి. ఉదయపు హడావుడిలో, కరకర ఒక పాలు తగ్గినా, నేను ఉడికించిన తురుముకే మొగ్గుతాను.