షియాన్‌లో దామింగ్ ప్యాలెస్: పునాదులు చూసొచ్చే పద్ధతి

చైనాలోని షియాన్ వెళ్లే మనవాళ్లు మట్టి సైనికుల్ని చూసి, కోటగోడ ఎక్కి వచ్చేస్తారు. దామింగ్ ప్యాలెస్ పార్కుకు వెళ్లిన కొద్దిమందీ "అంతా ఖాళీ మైదానమే" అంటారు. నిజమే, పాత భవనం ఒక్కటీ నిలవలేదు. 634లో మొదలై, 663 నుంచి టాంగ్ వంశపు చక్రవర్తుల కొలువు నడిచిన చోటిది. 904లో రాజధానిని లోయాంగ్‌కు మార్చినప్పుడు చాంగాన్ (షియాన్ పాత పేరు) భవనాల కలప ఊడదీసుకుపోయారు. మిగిలినవి దిమ్మిసతో పొరలుపొరలుగా కొట్టిన మట్టి దిబ్బలు. వాటి మీద వెలసిన బస్తీలను ఖాళీ చేయించి, 2010 అక్టోబర్ 1న పార్కుగా తెరిచారు.

4వ లైను మెట్రోలో షియాన్ రైల్వేస్టేషన్ దగ్గర దిగి ఉత్తరం వైపు బయటికొస్తే ఎదురుగా ప్యాలెస్ దక్షిణ ముఖద్వారం, దన్‌ఫెంగ్ ద్వారం. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. పైకి కనిపించేది కొత్త కట్టడం, లోపల స్టీలు చట్రం. పాతదని ఎవరూ పొరబడకుండా మొత్తం ఒకే లేత మట్టిరంగు వేశారు. లోపల అసలు పునాది, ఐదు దారుల ఆనవాళ్లు కనిపిస్తాయి. మట్టి పొరల్ని ఇంత దగ్గరగా చూసే వీలు బయట దొరకదు.

అక్కడినుంచి ఉత్తరంగా అరకిలోమీటరు పైన నడిస్తే హాన్‌యువాన్ మందిరం (ప్రధాన కొలువుకూటం) అరుగు. దానికి కొత్త ఇటుక తొడిగారు. పాతది దాచేశారని కొందరికి కోపం. కానీ ఈ మట్టిని వానకు, మంచుకు, చెట్ల వేళ్లకు వదిలేస్తే ఏటా రాలిపోతుంది. తొడుగు వేయడమే సరైన పని. పైకెక్కి దక్షిణానికి తిరిగి చూడండి, కొలువుకు వచ్చినవాళ్లు ఎంత దూరం నడిచి రావాల్సి వచ్చేదో తెలుస్తుంది. వెనక జిచెన్ మందిరం ఉన్నచోట స్టీలు చట్రంతో, చెట్లతో ఆకారం మాత్రం చూపారు. ఆ పైన తైయే కొలను.

ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు కిలోమీటర్ల పైనే. నడుమ నీడ తక్కువ. జులైలో మధ్యాహ్నం పెద్దవాళ్లను నడిపించొద్దు, బ్యాటరీ బండి ఎక్కించండి. ఏప్రిల్ నెల హాయి. అక్టోబర్ మొదటివారం సెలవుల రద్దీ, వద్దు.

బసకు స్టేషన్ చుట్టుపక్కల కంటే ఊరి నడుమ గంటస్తంభం (బెల్ టవర్) దగ్గర మేలు, రాత్రి తిండి దొరుకుతుంది. విదేశీయుల్ని దించుకుంటారో లేదో బుక్ చేసేముందే అడగండి. చెల్లింపుల యాప్ అలీపేకి మీ కార్డు బయల్దేరకముందే ఇక్కడే కలుపుకోండి, అక్కడ ఓటీపీ రాక ఇబ్బంది పడతారు. శాకాహారులు "వో చ్ర్ సు" (నేను శాకాహారం తింటాను) అని చెప్పి లియాంగ్‌పి అడగొచ్చు. చల్లటి నూడుల్స్, మిరపనూనె కారం మన నోటికి పడుతుంది.